డాక్టరు గారికి ఎన్ని స్టార్లు?

అమ్మకు మోకాలి కీలు మార్చాలన్నారు. ఊళ్లో ఇద్దరు ఎముకల డాక్టర్ల పేర్లు గట్టిగా వినిపిస్తున్నాయి. డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ మాట్లాడుతూనే ఇంకో ఫోన్‌లో గూగుల్ తెరిచి, "ఈయనకి 4.9 ఉంది, ఆయనకి 4.3. ఇంకా ఆలోచించేదేముంది?" అంటాడు. పక్కనే కూర్చున్న పెద్దమ్మ ఊరుకోదు. "ఆ రెండో ఆయన హస్తవాసి మంచిదిరా. మీ పెదనాన్న ఇవాళ కర్ర లేకుండా గుడి మెట్లెక్కుతున్నారంటే ఆయన చలవే" అంటుంది. కొడుకు దగ్గర ఒక అంకె ఉంది, పెద్దమ్మ దగ్గర ఒక మోకాలు ఉంది. ఎవరి మాట వినాలి?

ఈ వాదన ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా జరుగుతోంది. దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంది. 4.9కీ 4.3కీ మధ్య ఉన్న ఆ కాస్త తేడా దేనిది? చేతి పనితనానిదా, మాటతీరుదా, క్లినిక్‌లో ఏసీ చల్లదనానిదా? డాక్టరు ఆడా మగా, వయసెంత, ఏ దేశంలో చదివారు, ఏ యాసలో మాట్లాడతారు అన్నవి కూడా ఆ అంకెలోకి దూరుతున్నాయా?

డాక్టర్లకు మార్కులు వేసే అలవాటు అమెరికాలో ముదిరింది కాబట్టి దీని మీద లెక్కలు కట్టిందీ ఎక్కువగా అక్కడే. హెల్త్‌గ్రేడ్స్ అనే సైటు 1998లో వచ్చింది. 2004లో రేట్ ఎండీస్ వచ్చింది. అంతకుముందు కాలేజీ ప్రొఫెసర్లకు మార్కులు వేసే సైటు పెట్టినాయనే దీన్నీ పెట్టాడు. పాఠం చెప్పేవాళ్లకు వేసినప్పుడు మందు రాసేవాళ్లకు ఎందుకు వేయకూడదనుకున్నాడేమో. మన దేశంలో ప్రాక్టో 2008లో బెంగళూరులో మొదలైంది. ఇప్పుడైతే గూగుల్ మ్యాప్స్‌లో దారి వెతుక్కునే పని మీద వెళ్లినా స్టార్లు వాటంతటవే ఎదురవుతాయి.

అందరూ మంచి డాక్టర్లే

ఇంటర్నెట్‌లో చెడ్డ డాక్టర్లు దాదాపు లేరు. ఇది మొదట గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 2012లో అమెరికన్ పరిశోధకులు కొందరు, రేట్ ఎండీస్‌లో 2005 నుంచి 2010 దాకా పడ్డ 3,86,000 రేటింగులను ముందేసుకుని కూర్చున్నారు. సగటు 5కి 3.93 వచ్చింది. ఆ దేశంలో ఆరుగురు డాక్టర్లలో ఒకరికి మాత్రమే రేటింగ్ పడింది. పడినవాళ్లలోనూ దాదాపు సగం మందికి ఒకే ఒక్క రోగి మార్కు వేశాడు. కాన్పుల డాక్టర్లకు మిగతావాళ్లకన్నా రేటింగ్ పడే అవకాశం రెట్టింపు. తొమ్మిది నెలలు వరసగా చూపించుకున్న మనిషి గురించి చెప్పడానికి ఎవరికైనా నాలుగు మాటలుంటాయి మరి.

జర్మనీలో యమెడా అనే సైటు ఉంది. 2012లో అక్కడ 53,585 మంది డాక్టర్లకు పడిన 1,27,192 రేటింగులను పరిశీలిస్తే, దాదాపు 80 శాతం అన్నిటికన్నా మంచి శ్రేణిలోనే ఉన్నాయి. అందులో ఇంకో సూక్ష్మం ఉంది. మార్కులు వేసేవాళ్లలో ఆడవాళ్లు, అరవై దాటినవాళ్లు, ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు కాస్త ధారాళంగా వేశారు. అంటే డాక్టరు మారకపోయినా బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు మారితే అంకె మారుతుంది. డాక్టరు గుణగణాల సంగతి తర్వాత, ముందు రోగి గుణగణాలే ఆ అంకెలో చేరిపోయాయి.

కోపమొచ్చినవాడే రాస్తాడు, తృప్తిపడ్డవాడు మందులు కొనుక్కుని ఇంటికెళ్లి పడుకుంటాడు అని మనం అనుకుంటాం. 2015లో అచ్చయిన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. డెన్వర్, కాన్సాస్ సిటీ, మెంఫిస్ నగరాల్లో రోగులందరినీ పద్ధతిగా అడిగి చేసిన సర్వే ఒకవైపు, అదే డాక్టర్లకు ఇంటర్నెట్‌లో పడిన మార్కులు ఇంకోవైపు పెట్టి పోల్చారు. సర్వేలో అడుగున ఉన్న డాక్టర్ల గురించి ఇంటర్నెట్‌లో రాసినవాళ్లే తక్కువ. నచ్చని డాక్టరు గడప మళ్లీ తొక్కరు, అంతే. ఆయన గురించి రాసే ఓపిక కూడా ఖర్చుపెట్టరు. బాగున్న డాక్టర్లను మాత్రం పొగడ్తల్లో ముంచెత్తుతారు. దాంతో మంచి డాక్టరుకూ మరీ మంచి డాక్టరుకూ తేడా ఆ పొగడ్తల్లోనే కొట్టుకుపోతుంది.

ఇక అంకెల చిన్నెల గురించి ఒక్క ముక్క. ఐదుగురే రాసిన చోట నలుగురు అయిదేసి స్టార్లిచ్చి, ఒకరు పార్కింగ్ దొరకలేదన్న చిరాకులో ఒకటిస్తే సగటు 4.2కు దిగిపోతుంది. రెండు వందల మంది అయిదేసి ఇచ్చిన చోట అదే చిరాకు మనిషి ఒకటిస్తే 4.98 దగ్గరే నిలబడుతుంది. స్టార్ల పక్కన బ్రాకెట్లో చిన్న అక్షరాలతో ఎంతమంది రాశారో ఉంటుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది దాన్నే.

పిల్లర్లో ఊచ

కొత్తగా ఇల్లు కట్టించుకున్న ఆసామిని మేస్త్రి ఎలా చేశాడని అడగండి. గోడలు నున్నగా వచ్చాయనీ, టైల్స్ గీత తప్పకుండా పరిచాడనీ, చెప్పిన టైముకి వచ్చేవాడనీ, బాత్రూంలో నీళ్లు నిలబడటం లేదనీ చెబుతాడు. అన్నీ నిజాలే. కానీ పిల్లర్లో పన్నెండు ఎంఎం ఊచ వేశాడా, పది వేశాడా? స్లాబు పోశాక ఎన్ని రోజులు నీళ్లు కట్టాడు? ఆసామికి తెలియదు. కాంక్రీటు పోసేశాక ఇంజనీరు వచ్చి చూసినా తేలిగ్గా తెలియదు. ఆ మేస్త్రికి పది మంది ఆసాములు పదికి పది మార్కులు వేసినా, అవి గోడ నునుపుకే గాని ఊచ లావుకు కావు.

డాక్టరు దగ్గరికి వెళ్లిన రోగి పరిస్థితీ అంతే. ఎంతసేపు కూర్చోబెట్టారు, చెప్పేది విన్నారా, ముఖంలోకి చూసి మాట్లాడారా, రిసెప్షన్‌లో అమ్మాయి విసుక్కుందా, బిల్లెంత అయింది, ఇవన్నీ రోగి కళ్లెదుట జరిగేవి. రోగం సరిగ్గా కనిపెట్టారా, అసలు ఆ ఆపరేషన్ అవసరమేనా, ఆయన చేతిలో ఇన్ఫెక్షన్లు నూటికి ఎన్ని, ఇవి రోగికి కనపడవు. ఆపరేషన్ థియేటర్లో ఇంకొకరుంటారు, మత్తు డాక్టరు. ఆ రెండు గంటలూ మన ఊపిరి ఆయన చేతుల్లోనే ఉంటుంది. కానీ ఆయన పనిలో ఎక్కువ భాగం మనం కళ్లు మూసుకున్నాకే జరుగుతుంది. కళ్లు తెరిచేసరికి ముగింపుకొస్తుంది. ఆయనకు స్టార్లిచ్చే రోగి ఎక్కడ దొరుకుతాడు?

కనపడేదానికీ కనపడనిదానికీ లంకె ఏమైనా ఉందా? లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్ సైనాయ్ ఆసుపత్రి పరిశోధకులు 2018లో ఈ పని చేశారు. ఎనిమిది విభాగాలకు చెందిన 78 మంది స్పెషలిస్టులను తీసుకుని, ఐదు సైట్లలో వాళ్లకున్న రేటింగులను ఆసుపత్రి తన లోపలి అవసరాలకు రాసుకున్న లెక్కలతో పోల్చారు. రోగి తిరిగి ఎంత త్వరగా ఆసుపత్రి పాలయ్యాడు, ఎన్ని రోజులున్నాడు, ఖర్చెంత, తోటి డాక్టర్లు ఆయన పని గురించి ఏమంటారు, ఇలాంటివి. రేటింగుకూ వీటికీ పొంతన కుదరలేదు. ఒక్కొక్కరికీ ఐదు సైట్లలో పడిన మార్కులు వాటిలో అవి కలిశాయి, లోపలి లెక్కలతో మాత్రం కలవలేదు. రోగులంతా ఒకే విషయాన్ని కొలుస్తున్నారు. అది ఆసుపత్రి కొలిచే విషయం కాదు, అంతే.

అలాగని స్టార్లన్నీ ఉత్తివేనని తీసిపారేయడానికీ లేదు. ఇందాక చెప్పిన 3,86,000 రేటింగుల లెక్కలో స్పెషలిస్టు బోర్డు పరీక్ష పాసైనవాళ్లకు, పేరున్న వైద్య కళాశాలల్లో చదివినవాళ్లకు, కోర్టు కేసులు లేనివాళ్లకు మార్కులు కాస్త ఎక్కువే పడ్డాయి. ఆ తేడా చిన్నదే గాని ఉంది. ఇంగ్లండులో ఆసుపత్రులకు జనం వేసిన మార్కులను చూస్తే, ఎక్కువ మార్కులొచ్చిన ఆసుపత్రుల్లో మరణాలూ, మొండి ఇన్ఫెక్షన్లూ తక్కువగా ఉన్నాయి. ఒక డాక్టరుకు పదిమంది వేసిన మార్కులకన్నా ఒక ఆసుపత్రికి వందల మంది వేసినవి మెరుగ్గా పలుకుతాయి. పైగా వార్డులో దుప్పటి మార్చారా, నర్సు చేతులు కడుక్కుందా అన్నవి రోగి కళ్లారా చూసేవే, ఇన్ఫెక్షన్లకు నేరుగా సంబంధించినవే.

చంద్రుడి చుట్టూ గుడి

1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సైనికాధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులను చూస్తూ ఒక తమాషా పట్టుకున్నాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం అని విడివిడిగా మార్కులు వేయమంటే, ఒకదాంట్లో ఎక్కువ వేసిన మనిషికి అన్నిట్లోనూ ఎక్కువే వేశారు. దిట్టంగా, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు తెలివైనవాడూ, నిజాయితీపరుడూ అయిపోయాడు. దీనికి హేలో ఎఫెక్ట్ అని పేరు. వానకు ముందు చంద్రుడి చుట్టూ గుడి కట్టిందంటామే, ఆ వెలుగు వలయం పేరే దీనికి పెట్టారు. మనం గుడి ప్రభావం అనుకోవచ్చు.

రేట్ ఎండీస్‌లో డాక్టరుకు పరిజ్ఞానం, సాయపడే గుణం, సమయపాలన అని గళ్లు విడివిడిగా ఉండేవి. పరిజ్ఞానానికీ సాయపడే గుణానికీ పడే మార్కులు జంట ఎడ్లలా కలిసే నడుస్తాయి. ఓపిగ్గా మాట్లాడిన డాక్టరుకు వైద్యం బాగా తెలుసని కూడా మనం తీర్మానించేస్తాం. ఆ డాక్టరు చదివిన పుస్తకాలు మనం చూశామా పెట్టామా?

వేషం దగ్గరే ఇది మొదలవుతుంది. అమెరికాలోని పది బోధనాసుపత్రుల్లో 4,062 మంది రోగులకు ఒకే డాక్టరు ఫొటోలు రకరకాల దుస్తుల్లో చూపించి అడిగిన అధ్యయనం 2018లో వచ్చింది. డాక్టరు ఏం వేసుకున్నారన్నది తమకు ముఖ్యమేనని సగం మందికి పైగా అన్నారు. పద్ధతైన దుస్తుల మీద తెల్లకోటుకు అగ్రతాంబూలం దక్కింది.

దుస్తులకన్నా గొంతు ఇంకా లోతుకు వెళుతుంది. 1997లో వెండీ లెవిన్సన్ బృందం డాక్టర్ల గదుల్లో జరిగిన సంభాషణలను రికార్డు చేసి, రోగులు కోర్టుకెక్కిన డాక్టర్లకూ, ఎవరూ కోర్టుకెక్కని డాక్టర్లకూ మాటతీరులో తేడా ఏమిటని వెతికింది. మామూలు జబ్బులు చూసే డాక్టర్లలో తేడా స్పష్టంగా దొరికింది. కేసులు లేనివాళ్లు ఒక్కో రోగితో సగటున 18.3 నిమిషాలు గడిపారు, కేసులున్నవాళ్లు 15 నిమిషాలు. మొదటి రకం వాళ్లు "ముందు పరీక్ష చేస్తాను, తర్వాత మాట్లాడుకుందాం" తరహాలో ఏం జరగబోతోందో చెప్పారు, నవ్వారు, రోగి అభిప్రాయం అడిగారు. ఆ మూడు నిమిషాల్లోనే ఇదంతా ఇమిడిపోయింది. సర్జన్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం మాటల్లో ఏ తేడా దొరకలేదు.

ఆ సర్జన్ల రికార్డులనే భారతదేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త నళినీ అంబాడీ తర్వాత చేతికి తీసుకుంది. ఆమె చేసిన పని విచిత్రంగా ఉంటుంది. ఒక్కో సర్జన్ మాటల్లోంచి పదేసి సెకన్ల ముక్కలు కత్తిరించి, మాటలు అర్థంకాకుండా పైస్థాయి శబ్దాలను వడగట్టేసింది. మిగిలింది గొంతు ఎత్తుపల్లాలు, లయ మాత్రమే. పక్కింటి గోడ అవతల నుంచి ఎవరో మాట్లాడుతుంటే వినపడేలాంటిది. దాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్లకు వినిపించి ఆ గొంతులో ఆప్యాయత ఎంత, పెత్తనం ఎంత, ఆదుర్దా ఎంత అని మార్కులు వేయమంది. పెత్తనం ఎక్కువా ఆదుర్దా తక్కువా అనిపించిన గొంతుల్లో, కేసులున్న సర్జన్లు ఎక్కువగా బయటపడ్డారు. ఈ అధ్యయనం 2002లో వచ్చింది. ఆ సర్జన్ల కత్తి పనితనం గురించి వినేవాళ్లకు తెలిసింది సున్నా. కోర్టు దాకా వెళ్లే కోపమే పదిసెకన్ల గొంతులో పసిగట్టేలా ఉంటే, క్లినిక్ మెట్లు దిగుతూ బొటనవేలితో నొక్కే స్టార్ల సంగతి చెప్పేదేముంది?

అమ్మగారు డాక్టరు, అయ్యగారు డాక్టరు

ఆడ డాక్టర్లు రోగితో ఎక్కువసేపు మాట్లాడతారు. ఇది అభిప్రాయం కాదు. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి 2002లో వేసిన లెక్కలో, మగ డాక్టర్లకన్నా సగటున రెండు నిమిషాలు ఎక్కువ తేలింది. ఇంటి పరిస్థితులు, మనసులో దిగులు అడగడంలోనూ వాళ్లదే పైచేయి. ఇలాంటి డాక్టర్లే రోగులకు కావాలని రోగులే చెబుతారు. అయితే 2011లో రోగుల తృప్తి మీద ఇలాంటిదే ఇంకో సమగ్రమైన లెక్క కట్టినప్పుడు ఆడ డాక్టర్లకూ మగ డాక్టర్లకూ పడిన మార్కుల్లో తేడా వెతికితే గాని కనపడనంత సన్నగా ఉంది.

ఆ రెండు నిమిషాలూ ఎక్కడికి పోయాయి? దీనికి నాకు తృప్తిగా అనిపించే సమాధానం ఒకటుంది, ప్రయోగాలు కూడా అటే మొగ్గుతున్నాయి. ఆప్యాయంగా మాట్లాడే మగ డాక్టరును చూసి రోగి "ఎంత ఓపికో!" అని మురిసిపోతాడు. ఆడ డాక్టరు అంతే ఆప్యాయంగా మాట్లాడితే "ఆడవాళ్లు కదా, అలాగే ఉంటారు" అని ఊరుకుంటాడు. ఒకరికి బహుమతి అయ్యేది ఇంకొకరికి బాకీ. వంటగదిలో కాఫీ పెట్టిన అల్లుడికి అత్తవారింట్లో దక్కే మెప్పు, అదే వంటగదిలో రోజంతా నిలబడ్డ కోడలికి దక్కుతుందా?

లోపలి లెక్క ఏం చెబుతోందో కూడా చూడాలి. అమెరికాలో మెడికేర్ బీమా ఉన్న వృద్ధులు ఆసుపత్రిలో చేరితే, ఆడ డాక్టర్లు చూసినవాళ్లలో ముప్పై రోజుల్లోపు మరణాలు 11.07 శాతం, మగ డాక్టర్లు చూసినవాళ్లలో 11.49 శాతం. హార్వర్డ్‌లో యూసుకే త్సుగావా బృందం వేసిన ఈ లెక్క 2017 ప్రాంతంలో పెద్ద చర్చకే దారితీసింది. తేడా అరశాతం కూడా లేదు, కానీ ఏటా లక్షల మంది చేరే చోట అరశాతం అంటే చిన్నది కాదు. స్టార్లలో ఈ తేడా జాడ ఎక్కడా లేదు.

అదే బృందం అదే ఏడాది ఇంకో లెక్క వేసింది. ఇది మన తెలుగువాళ్లకు దగ్గరిది. అమెరికా డాక్టర్లలో దాదాపు నాలుగో వంతు బయటి దేశాల్లో చదివి వెళ్లినవాళ్లే. అందులో భారతదేశానిదే మొదటి స్థానం. గుంటూరు, కాకినాడ, విశాఖ, ఉస్మానియా, గాంధీ వైద్య కళాశాలల పాత విద్యార్థులు అక్కడి చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో కూడా కనిపిస్తారు. విదేశాల్లో చదివిన డాక్టర్లు చూసిన వృద్ధుల్లో మరణాలు 11.2 శాతం, అమెరికాలో చదివిన డాక్టర్లు చూసినవాళ్లలో 11.6 శాతం. అక్కడ రెండోసారి పరీక్షలు రాసి, మళ్లీ రెసిడెన్సీ చేసి జల్లెడలో నిలిచినవాళ్లు కదా, అందుకే అయ్యుండొచ్చని పరిశోధకుల ఊహ.

మరి రోగుల మార్కులు? 2014 నుంచి 2017 దాకా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో రోగులు నింపిన 1,17,589 సర్వే పత్రాలను చూశారు. రోగీ డాక్టరూ ఒకే జాతి నేపథ్యం వాళ్లయితే 87.6 శాతం పత్రాల్లో అత్యధిక మార్కు పడింది. వేర్వేరు నేపథ్యాలైతే 82.1 శాతం. డాక్టరు చేతి పని ఒకటే అయినా, ఎదురుగా కూర్చున్నవాళ్లు తనవాళ్లలా ఉన్నారా లేదా అన్నది మార్కులోకి దిగింది. దీన్ని ద్వేషం అని తేల్చేయడం తొందరపాటు. నొప్పిని సొంత యాసలో చెప్పుకుంటే కలిగే ఊరట ఎలాంటిదో పొట్టకూటికి పరాయి రాష్ట్రం వెళ్లి అక్కడ జ్వరపడ్డ ఎవరికైనా తెలుసు. కానీ ఊరటకు పడిన మార్కును వైద్యానికి పడిన మార్కుగా చదివితే, గుంటూరులో చదివి ఒహాయోలో పనిచేస్తున్న డాక్టరుకు అన్యాయం జరుగుతుంది. అక్కడి ఆసుపత్రులు ఇలాంటి మార్కులు చూసి జీతాల్లో బోనసులు నిర్ణయించడం కూడా ఉంది కాబట్టి ఈ అన్యాయానికి డాలర్లలో ధర కూడా ఉంది.

అడిగిన మందు రాస్తే

మన ఊళ్లలో సూది వేయని డాక్టరు డాక్టరే కాదు. "ఏం చూశాడు? రెండు బిళ్లలిచ్చి పంపాడు" అంటారు. ఈ మాట అమెరికాలో ఇంగ్లీషులో అంటారు, అంతే తేడా.

ఫోన్లో వీడియో ద్వారా చూసే డాక్టర్ల సేవ ఒకదానిలో, జలుబూ దగ్గూ గొంతునొప్పితో వచ్చిన 8,437 మంది రోగుల సంప్రదింపులను 2018లో పరిశీలించారు. ఇలాంటి జబ్బులు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి, యాంటీబయాటిక్‌కు వైరస్ లొంగదు. అయినా మూడింట రెండొంతుల మందికి యాంటీబయాటిక్ రాశారు. మందేమీ రాయని డాక్టర్లకు 72.5 శాతం మంది అయిదు స్టార్లిచ్చారు. వేరే ఏదో మందు రాస్తే 86 శాతం, యాంటీబయాటిక్ రాస్తే 90.9 శాతం. ఆ డాక్టరు స్థానంలో కూర్చుని ఆలోచించండి. ఎదురుగా తెరమీద రోగి. "మందక్కర్లేదు, అయిదు రోజుల్లో అదే తగ్గుతుంది, గోరువెచ్చటి నీళ్లు తాగండి" అని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. యాంటీబయాటిక్ పేరు టైపు చేయడానికి పది సెకన్లు. పది నిమిషాలు ఖర్చుపెట్టినవాళ్లకు తక్కువ స్టార్లు, పది సెకన్లలో పంపేసినవాళ్లకు ఎక్కువ.

మన హస్తవాసిలోనూ ఈ కిటుకుంది. వైరల్ జ్వరం వచ్చిన మొదటిరోజు ఒక డాక్టరు దగ్గరికి వెళతాం, తగ్గదు. మూడోరోజు ఇంకొకరి దగ్గరికి వెళతాం, తగ్గదు. ఐదోరోజు మూడో డాక్టరు చేయి పట్టుకోగానే ఆ రాత్రికి చెమటలు పోసి జ్వరం దిగుతుంది. మూడో డాక్టరు హస్తవాసి ఊరంతా పాకుతుంది. ఆ జ్వరానికి ఆయుర్దాయమే ఐదు రోజులన్న సంగతి ఎవరికీ పట్టదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో జాషువా ఫెంటన్ బృందం 2012లో ఇంకా కలవరపెట్టే లెక్క ఒకటి ప్రచురించింది. 51,946 మంది పెద్దవాళ్లను తీసుకుని, తమ డాక్టరు మీద ఎక్కువ తృప్తి ఉన్నవాళ్లనూ తక్కువ తృప్తి ఉన్నవాళ్లనూ పోల్చారు. అందరికన్నా తృప్తిగా ఉన్న పావు భాగం వాళ్లు ఆసుపత్రిలో ఎక్కువగా చేరారు, మందులకు ఎక్కువ ఖర్చుపెట్టారు, అందరికన్నా తక్కువ తృప్తి ఉన్నవాళ్లతో పోలిస్తే వాళ్లు చనిపోయే ముప్పు 26 శాతం ఎక్కువగా తేలింది. దీన్ని పట్టుకుని "డాక్టరు నచ్చితే చస్తారు" అని శీర్షికలు పెట్టడం తేలిక. జబ్బు ముదిరినవాళ్లు డాక్టరును ఎక్కువగా అంటిపెట్టుకుని, ఎక్కువగా మెచ్చుకుంటూ ఉండవచ్చు. అలాంటి తేడాలు వీలైనంత సరిచేశామని పరిశోధకులు చెప్పినా, ఈ రకం లెక్కలో కారణమేదో, ఫలితమేదో పూర్తిగా విడదీయడం కుదరదు. తృప్తి ఎక్కువైతే ఆరోగ్యం ఎక్కువవుతుందన్న ధీమా మాత్రం దీంతో సడలిపోయింది.

ఊచ లెక్క బయటపెడితే?

అలాంటప్పుడు పిల్లర్లో ఊచ లావు కొలిచి అందరికీ చెప్పేయొచ్చు కదా? న్యూయార్క్ రాష్ట్రం ఆ పనే చేసింది. గుండె బైపాస్ ఆపరేషన్లలో మరణాల లెక్క ఆసుపత్రుల వారీగా 1990 ప్రాంతంలో బయటపెట్టింది. ఒక పత్రిక కోర్టుకెక్కి గెలవడంతో సర్జన్ల వారీగా కూడా బయటికొచ్చింది. పెన్సిల్వేనియా కూడా అదే దారి పట్టింది. 1998లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అక్కడ బైపాస్ చేయించుకున్న 474 మందిని అడిగితే, ఆపరేషన్‌కు ముందు అలాంటి లెక్కల పుస్తకం ఒకటుందని తెలిసినవాళ్లు 12 శాతం. అందులో తమ సర్జన్ స్థానం ఏమిటో తెలుసుకుని, దాన్నిబట్టి నిర్ణయం తీసుకున్నవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. మరోపక్క, లెక్క చెడిపోతుందన్న భయంతో సర్జన్లు ప్రాణం మీదికొచ్చిన రోగులను తప్పించుకుంటున్నారన్న ఆరోపణలకు ఆధారాలు కూడా దొరికాయి.

మన దేశంలో అలాంటి లెక్కలు డాక్టరు వారీగా జనానికి అందే ఏర్పాటు లేదు. ఉన్నవల్లా స్టార్లే. డిశ్చార్జి కౌంటర్ దగ్గర బిల్లు కట్టి రసీదు తీసుకుంటుండగానే "సార్, ఒక్క రివ్యూ" అంటూ క్యూఆర్ కోడ్ ముందుకు జరుపుతున్న ఆసుపత్రులున్నాయి. ఆ క్షణంలో, ఆ మనుషుల ఎదుట, ఎవరైనా మూడు స్టార్లు నొక్కుతారా? 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. డాక్టర్లు రోగుల మెచ్చుకోళ్లనూ రివ్యూలనూ సోషల్ మీడియాలో అడగకూడదు, పంచకూడదు, డబ్బిచ్చి లైకులు కొనకూడదు అని వాటిలో ఉంది. ఆ నెల తిరక్కుండానే వాటిని పక్కనపెట్టారు. 2002 నాటి పాత నిబంధనలే మళ్లీ అమల్లోకి వచ్చాయి. వాటిలో ప్రచారం మీద నిషేధం ఉంది గాని, అవి రాసేనాటికి ఇక్కడ ఈ స్టార్ల గొడవే లేదు. జర్మనీలో ఈ తగువు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. రేటింగ్ సైటు నుంచి తన పేరు తీసేయమనే హక్కు డాక్టరుకు లేదని 2014లో అన్నారు. అదే న్యాయస్థానం 2018లో ఒక చర్మవైద్యురాలి పేరు తీసేయమంది. ఎందుకంటే సైటు డబ్బు కట్టిన డాక్టర్ల ప్రకటనలను, కట్టని డాక్టర్ల పేజీల మీద పెడుతూ వచ్చింది. తీర్పరిగా ఉండాల్సినవాడు పోటీలో ఒకరి పక్షం చేరాడన్నమాట.

ఇంతా చదివాక స్టార్లను చూడటం మానేయాలా అంటే, నేనైతే చూస్తాను, కానీ అంకె కింద ఉన్న మాటల కోసం. "గొప్ప సర్జన్" అన్నది రోగి చెప్పగలిగిన మాట కాదు, దాన్ని దాటేస్తాను. "కుట్లు విప్పడానికి వెళితే మూడు గంటలు కూర్చోబెట్టారు", "రాత్రి జ్వరం వస్తే ఫోన్ ఎత్తి మాట్లాడారు", "చెప్పిన ప్యాకేజీకి నలభై వేలు ఎక్కువ వేశారు", ఇవి రోగి స్వయంగా చూసిన సంగతులు. వేర్వేరు నెలల్లో నలుగురైదుగురు అదే మాట రాస్తే నమ్ముతాను. పనితనం గురించి మాత్రం డాక్టరునే అడగాలి. 2003లో అమెరికాలో నాలుగు లక్షల డెబ్బై వేల మందికి పైగా రోగులతో ఎనిమిది రకాల ఆపరేషన్ల మీద చేసిన అధ్యయనంలో, ఒకే ఆపరేషన్‌ను తరచుగా చేసే సర్జన్ల చేతిలో మరణాలు తక్కువని తేలింది. కాబట్టి ఇది మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, వాటిలో ఇన్ఫెక్షన్ వచ్చినవెన్ని, మళ్లీ తెరవాల్సి వచ్చినవెన్ని అని అడగొచ్చు. "మీకెందుకండీ అవన్నీ" అని మొహం చిట్లించేవాళ్లున్నారు. కంప్యూటర్ మనవైపు తిప్పి చూపించేవాళ్లూ ఉన్నారు.